ఇందూరు సీమ దొరతనాలు – 6
చెరువు కట్ట మీద నిలిచిన వంశం: బిక్కనవోలు నుంచి దోమకొండ దాకా కామినేని వారి కథ

గత భాగంలో బోధన్ పాత చరిత్ర చూశాం. అశ్మక జనపదానికి రాజధానిగా చెప్పే పోదన కాలం నుంచి రాష్ట్రకూటుల దాకా అక్కడ రాజ్యాలు మారాయి, మతాలు మారాయి. ఈ భాగంలో కామారెడ్డి వైపు మెట్ట సీమకు వెళ్దాం. అక్కడ నాలుగు శతాబ్దాలకు పైగా ఒకే వంశం పట్టు సాగింది. గోల్కొండ పోయినా, మొగలాయిలు వచ్చినా, నిజాములు పాతుకున్నా ఆ వంశం కదల్లేదు. వారే కామినేని వారు. మొదట బిక్కనవోలు ప్రభువులుగా, తర్వాత దోమకొండ సంస్థానాధీశులుగా పేరు పొందారు.

మోస్రాలో, వర్నిలో, రుద్రూరులో కాలువ నీళ్ళ కింద పుట్టి పెరిగిన వాళ్ళకు సంస్థానం అన్న మాట కొంత దూరంగా అనిపించవచ్చు. మన కళ్ళ ముందు ఉన్నవి నిజాంసాగర్ కాలువలు, క్యాంపులు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం. కానీ వాటికి ముందు ఈ ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో అధికారం ఎవరి చేతిలో, ఎలా ఉండేదో తెలియాలంటే గడి గుమ్మం తొక్కక తప్పదు.

పటం మీద ఒక కుటుంబం

ముందు కామారెడ్డి జిల్లా పటం తీసి చూడండి. కామారెడ్డి, ఎల్లారెడ్డి, రామారెడ్డి, మాచారెడ్డి. ఇవన్నీ ఊళ్ళు, ఇప్పుడు మండలాలు కూడా. ఈ ఊళ్ళు కామినేని వంశంలోని వారి పేర్ల మీద వెలిశాయని ఆ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు. 2016 అక్టోబర్ 11న నిజామాబాద్ నుంచి కొత్త జిల్లాను విడదీసినప్పుడు దానికి పెట్టిన పేరు కూడా కామారెడ్డే.

ఈ వంశం తొలి పీఠం బిక్కనవోలు. నేటి భిక్కనూరు అదే. హైదరాబాద్ నుంచి నిజామాబాద్ వచ్చే జాతీయ రహదారి పక్కనే ఉంటుంది. అక్కడి సిద్ధరామేశ్వరాలయం ఈ సీమ శైవులకు పెద్ద క్షేత్రం. దక్షిణ కాశి అని పిలుస్తారు. కాకతీయుల పతనం తర్వాత తెలంగాణ అంతటా శైవ క్షేత్రాల చుట్టూ స్థానిక రెడ్డి, వెలమ నాయకులు బలపడ్డారు. బిక్కనవోలు ప్రభువులు కూడా ఆ వరుసలోని వారే.

ఖడ్గంతో పాటు గంటం

16వ శతాబ్దం నడుమ గోల్కొండలో ఇబ్రహీం కుతుబ్‌షా పాలన (1550–1580). తెలుగు కవులు మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్న సుల్తాను ఆయన. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పటాన్‌చెరు అమీన్‌ఖాన్ ప్రాపకంలో పొన్నికంటి తెలగన యయాతి చరిత్ర రాశాడు. అది తొలి అచ్చతెలుగు కావ్యం.

ఆ కాలపు గాలి బిక్కనవోలుకూ సోకింది. అయితే ఇక్కడ ఒక విశేషం ఉంది. మిగతా చోట్ల ప్రభువు కృతి పుచ్చుకుంటే కవి రాసేవాడు. బిక్కనవోలులో ప్రభు వంశీకుడే గంటం పట్టాడు. కామినేని మల్లారెడ్డి షట్చక్రవర్తి చరిత్ర, శివధర్మోత్తరం, పద్మపురాణం రచించాడు. హరిశ్చంద్రుడు, నలుడు, పురుకుత్సుడు, పురూరవుడు, సగరుడు, కార్తవీర్యుడు అనే ఆరుగురు చక్రవర్తుల కథలు చెప్పే కావ్యం షట్చక్రవర్తి చరిత్ర.

సుల్తానుకు కప్పం కట్టే ఒక చిన్న ప్రభువుల ఇంట చక్రవర్తుల కథ ఎందుకు పుట్టింది? ఆ ఆరుగురి జాబితా చూస్తే కొంత తెలుస్తుంది. హరిశ్చంద్రుడు రాజ్యం పోగొట్టుకున్నాడు, నలుడు జూదంలో ఓడాడు, కార్తవీర్యుడు పరశురాముడి చేతిలో హతుడయ్యాడు. సార్వభౌములకు కూడా రాజ్యం శాశ్వతం కాదని, నిలిచేది ధర్మమూ కీర్తీ అని పురాణ మార్గం చెబుతుంది. పైన సుల్తానులు మారుతుంటే కింద ఊరూ చెరువూ గుడీ చూసుకునే స్థానిక ప్రభువుకు ఈ నీతి బాగా పనికొస్తుంది. శివధర్మోత్తరం వంటి గ్రంథం ఎంచుకోవడంలో సిద్ధరామేశ్వరుని సీమలో పాతుకున్న శైవం కనిపిస్తుంది.

తెలంగాణలో తెలుగు సాహిత్యం లేదని ఒక కాలంలో ఎగతాళి నడిచింది. ఆ మాటకు ఈ జిల్లా ఇచ్చే జవాబుల్లో మల్లారెడ్డి ఒకరు.

దోమకొండ గడి

1687లో ఔరంగజేబు చేతికి గోల్కొండ చిక్కింది. 1724లో నిజాముల్ముల్క్ దక్కన్‌లో స్వతంత్రంగా నిలిచాడు. ఆ ముప్పై నలభై ఏళ్ళ అయోమయంలో చాలా స్థానిక వంశాలు పోయాయి, కొన్ని గట్టిపడ్డాయి. కామినేని వారి పీఠం బిక్కనవోలు నుంచి కామారెడ్డికి, అక్కడి నుంచి దోమకొండకు చేరింది. నేడు మనం చూసే కోట రూపం ప్రధానంగా 18వ శతాబ్దం నాటిది.

పేరులో కొండ ఉన్నా దోమకొండ కోట ఉన్నది నేల మీదే. రాతి గోడలు, గుండ్రని బురుజులు, చుట్టూ కందకం. లోపల మహాదేవాలయం, నివాస భవనాలు, అద్దాల మేడ. ఆలయ శిల్పంలో కాకతీయ రీతి కొనసాగింపు కనిపిస్తుంది. మేడలో సున్నపు పూల పని, కమానులు, రంగుటద్దాలు నిజాం కాలపు అభిరుచిని చూపిస్తాయి. ఒకే ఆవరణలో ఈ రెండూ ఉండటం సంస్థానాల స్వభావాన్ని చెబుతుంది. ఊళ్ళో జనం ముందు పాత కాకతీయ వారసత్వపు ధర్మప్రభువు, హైదరాబాద్ దర్బారులో దస్తారు చుట్టుకున్న సామంతుడు. ఈ రెండు వేషాలూ వేయగలిగినవాడే నిలిచాడు.

కొండ మీద దుర్గం కట్టుకోకుండా మైదానంలో గడి కట్టడంలోనూ ఒక అర్థం ఉంది. 18వ శతాబ్దానికి స్థానిక ప్రభువు పని యుద్ధం కంటే వసూలుకే ఎక్కువ మళ్ళింది. రైతులు రావాలి, పటేల్ పట్వారీలు లెక్కలతో రావాలి, ధాన్యం బండ్లు లోపలికి రావాలి. అందుకు నేల మీది గడే అనువు.

దొరతనం ఎలా నడిచేది?

నిజాం రాజ్యంలో సంస్థానాలు 14 అని సాధారణంగా లెక్క చెబుతారు. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, పాల్వంచ, గోపాల్‌పేట, ఆనెగొంది, గురుగుంట, నారాయణపూర్, రాజాపేట, దుబ్బాక, పాపన్నపేట, సిర్నాపల్లి, దోమకొండ. వీటిలో చివరి రెండూ మన ఇందూరు సీమవి. గద్వాల, వనపర్తి వంటి పెద్ద వాటితో పోలిస్తే ఇవి చిన్నవి. అయినా నడక ఒకటే.

సంస్థానాధీశుడు నిజాంకు ఏటా పేష్కష్ (కప్పం) కట్టాలి. వారసుడు గద్దె ఎక్కాలంటే హైదరాబాద్ ఆమోదం కావాలి. దత్తతకూ అంతే. వారసుడు పిల్లవాడైతే ఆస్తి కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతికి వెళ్ళేది. ఇవన్నీ సజావుగా జరిగినంత కాలం తన ఊళ్ళలో శిస్తు వసూలు, తగవుల తీర్పు, గుడి మాన్యాల నిర్వహణ ఆయన చేతిలోనే ఉండేవి.

1853లో దివాను పదవికి వచ్చిన మొదటి సాలార్‌జంగ్ ఈ ఏర్పాటును పైనుంచి కత్తిరించడం మొదలుపెట్టాడు. 1865 నాటి జిలాబందీతో రాజ్యమంతా జిల్లాలు, తాలూకాలు ఏర్పడ్డాయి. జీతం తీసుకునే తాలూక్‌దార్లు, తహసీల్దార్లు వచ్చారు. అంతకు ముందు శిస్తు గుత్తకు పట్టి వసూలు చేసిన దేశ్‌ముఖ్‌లకు ఆ పని పోయి రుసుం మిగిలింది. సంస్థానాలు మాత్రం మిగిలాయి, కానీ చుట్టూ సర్కారు కచేరీలు లేచాయి. రైతుకు మొదటిసారిగా గడి దాటి వెళ్ళి మొర చెప్పుకునే చోటు ఒకటుందని తెలిసింది. చాలామందికి అది కాగితం మీది మాటే.

నీరు ఎవరిదైతే ఊరు వారిది

మెట్ట సీమలో అధికారానికి అసలు వేరు చెరువు. దోమకొండ, కామారెడ్డి ప్రాంతంలో పెద్ద నది లేదు. వాన నీటిని కట్ట వేసి ఆపితేనే వరి. చెరువు కట్టించినవాడికి, తెగిన కట్ట పోయించినవాడికి ఆయకట్టు శిస్తులో వాటా ఇచ్చే దస్‌బంద్ పద్ధతి తెలంగాణలో ఉండేది. కట్ట, తూము, మత్తడి, శిఖం, ఏ పొలానికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసే నీరటి. ఇదంతా ఒక వ్యవస్థ. ఆ వ్యవస్థకు పైన కూర్చున్నవాడు ప్రభువు. ఎవరి మడికి ముందు నీళ్ళు పారాలో చెప్పగలిగినవాడి మాట ఊరు ఎలా కాదంటుంది?

ఇలాంటి పెద్ద ఇళ్ళు ప్రపంచంలో చాలా చోట్ల ఉన్నాయి. నైజీరియాలో నైజర్ నది పాయలు పాయలై సముద్రంలో కలిసే చోట కలబరి జనం ఉన్నారు. అక్కడ అమచ్రీ రాజవంశం కింద వ్యాపార కుటుంబాలు ఇళ్ళుగా ఏర్పడ్డాయి. ఒక యుద్ధపు పడవను, దాన్ని నడిపే మనుషులను సమకూర్చగలిగినవాడే ఇంటి పెద్ద, సర్దారు. పామాయిల్ వర్తకం వారి బలం. వారిది ఉప్పునీటి కాలువల మీద దొరతనం, మనవారిది చెరువు నీటి మీద దొరతనం. రెండు చోట్లా బతుకుకు ఆధారమైన నీటి దారి ఎవరి చేతిలో ఉంటే పెద్దరికం వారిది. వంశవృక్షం ఆ తర్వాత వచ్చే మాట.

సిర్నాపల్లి దొరసాని

పక్క సంస్థానం గురించి కొంత చెప్పకపోతే ఈ కథ సగమే. ఇందల్వాయి అడవుల అంచున సిర్నాపల్లి. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో ఆ సంస్థానాన్ని నడిపింది రాణి శీలం జానకీబాయి. పురుషుల దర్బారుల కాలంలో శిస్తు, తగవు, చెరువు అన్నీ ఒక స్త్రీ చూసింది. నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్ళే రైలు మార్గం చీలే చోట ఉన్న జానకంపేట ఆమె పేరు మీద వెలిసిన ఊరేనని చెబుతారు. సిర్నాపల్లి అడవిలోని జలపాతాన్ని కూడా ఆమె పేరుతోనే పిలుస్తారు.

హైదరాబాద్–గోదావరి లోయ రైల్వే 1899–1901 మధ్య మన్మాడ్ దాకా పూర్తయింది. ఆ పట్టాలు తన సంస్థానం మీదుగా వెళ్ళేలా జానకీబాయి పట్టుబట్టి మలిపించిందని ఈ ప్రాంతంలో ఒక కథ వాడుకలో ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా సిర్నాపల్లి పేరుతో ఆ మార్గంలో స్టేషన్ మాత్రం నిలిచింది. 1905లో ఇందూరు స్టేషన్‌కు నిజామాబాద్ అన్న పేరు పడింది. పట్టణానికీ, జిల్లాకూ అదే పేరు స్థిరపడింది.

గడి నీడ

ఇక్కడ ఆగి రెండో వైపు కూడా చూడాలి. చెరువులు తవ్వించారు, గుళ్ళు కట్టించారు, కావ్యాలు రాశారు అని మాత్రమే రాస్తే అది వంశ ప్రశస్తి అవుతుంది, చరిత్ర కాదు. ఆ చెరువు మట్టి మోసిందెవరు? గడి రాయి లేపిందెవరు?

నిజాం తెలంగాణలో దొరల ఊళ్ళలో వెట్టి సర్వసాధారణం. చాకలి బట్టలు ఉతకాలి, మంగలి పాదాలు పిసకాలి, కుమ్మరి కుండలు ఇవ్వాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, బోయీలు మేనా మోయాలి, సుంకరి, మస్కూరి పరుగులు తీయాలి. కూలి లేదు. బాంచెన్ అన్న పిలుపు దొర ముందు నిలబడే పద్ధతికి గుర్తు. దొర కూతురి పెళ్ళికి ఆడబాపలను (గడి దాసీలను) కానుకగా పంపే ఆచారం కూడా పెద్ద గడీలలో ఉండేది. ఇది ఒక వంశపు నేరంగా కాక మొత్తం ఏర్పాటు స్వభావంగా చూడాలి. అలాగని ఏ గడికీ మినహాయింపు ఇవ్వలేం.

దీని మీద మొదటి ఎదురుమాట సభల్లో పుట్టింది. 1921లో హైదరాబాద్‌లో ఆంధ్ర జనసంఘం ఏర్పడింది. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ఆరో మహాసభ 1937లో మన నిజామాబాద్‌లోనే జరిగింది. మందుముల నరసింగరావు అధ్యక్షత వహించారు. వెట్టి రద్దు, మాతృభాషలో చదువు, బాధ్యతాయుత ప్రభుత్వం వంటివి ఆ సభలు తరచూ లేవనెత్తిన డిమాండ్లు. దొరల జిల్లా నడిబొడ్డున ప్రజల సభ కూర్చోవడమే ఆనాటికి పెద్ద మార్పు.

శాసనం కంటే ముందు కాలువ

సభలు జరుగుతున్న ఆ దశాబ్దంలోనే మోస్రా వైపు నేల మీద ఇంకో మార్పు వచ్చింది. మంజీరా నది మీద అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య నిజాంసాగర్ కట్ట 1923లో మొదలై 1931లో పూర్తయింది. నిర్మాణ బాధ్యత నవాబ్ అలీ నవాజ్ జంగ్‌ది. లక్ష్యం 2,75,000 ఎకరాల ఆయకట్టు. బాన్సువాడ, వర్ని, బోధన్, నిజామాబాద్, ఆర్మూరు పొలాలకు ప్రధాన కాలువ నీళ్ళు తెచ్చింది.

ఈ నీటికి దొర లేడు. సర్కారు ఇంజినీరు, లష్కరు, తహసీల్దారు ఉన్నారు. చెరువు కింద రైతు దొర ముఖం చూసేవాడు, కాలువ కింద రైతు డిస్ట్రిబ్యూటరీ గేటు చూడసాగాడు. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు వేసుకున్నారు. వారికి స్థానిక గడితో తాతల నాటి బంధం లేదు, భయమూ లేదు. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. వేల ఎకరాల చెరకు ఫారాలు, కూలి డబ్బు, కార్మిక సంఘాలు, కాటా దగ్గర బండ్ల వరుస. రుద్రూరులో చెరకు పరిశోధన సాగింది. పల్లెలో దొర ఇచ్చే గింజలకు బదులు నెల జీతం అన్న మాట వినిపించింది.

అందుకే ఈ జిల్లాను రెండు సీమలుగా చదవాలి. చెరువుల మెట్టలో సంస్థానపు పట్టు చివరిదాకా నిలిచింది. కాలువల పల్లంలో ఆ పట్టు చట్టం రాకముందే సడలింది. మోస్రా రైతుకు దోమకొండ దూరంగా అనిపించడానికి కారణం మైళ్ళు కాదు, నీటి యాజమాన్యం.

సెప్టెంబర్ 1948 తర్వాత

1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా సాగిన పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు నిబంధన అమల్లోకి వచ్చింది. సంస్థానాలు కూడా దాని కిందే పోయాయి. పరిహారం ఇచ్చి ఊళ్ళను సర్కారు దివానీలో కలిపారు. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం, 1973లో భూపరిమితి చట్టం వచ్చాయి. 1980ల్లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. ఇలా గడి నుంచి ఊరి దాకా ఉన్న నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే ఊడిపోయాయి.

వంశం మాత్రం దారి మార్చుకుంది. దోమకొండ కుటుంబానికి చెందిన కామినేని ఉమాపతిరావు ఐఏఎస్ అధికారి అయ్యారు, తిరుమల తిరుపతి దేవస్థానం కార్యనిర్వహణాధికారిగా పనిచేశారు. 2020లో కన్నుమూశారు. ఆయన మనవరాలు ఉపాసన, నటుడు రామ్‌చరణ్‌ల వివాహం 2012లో జరిగాక ఈ పేరు సినిమా పేజీలకూ ఎక్కింది. పాత రాచరికం నుంచి సివిల్ సర్వీసుకు, వ్యాపారానికి, వైద్య రంగపు బంధుత్వాలకు సాగిన ఈ ప్రయాణం ఒక్క కామినేని వారిదే కాదు. గద్వాల, వనపర్తి వారసులదీ ఇంచుమించు ఇదే తీరు. భూమి పోయినా చదువూ పరిచయాలూ పోలేదు. వంశపు పలుకుబడి తరతరాలకు దాటేది ఈ రెండింటి మీదే.

కోట కథ మరోలా నడిచింది. తెలంగాణలో చాలా గడీలు కూలాయి. కొన్ని బడులుగా, కచేరీలుగా మారాయి, కొన్ని జనం కోపానికి బలయ్యాయి, కొన్ని నిధుల వేటగాళ్ళ గునపాలకు చిక్కాయి. దోమకొండను కుటుంబమే ఒక ట్రస్టు ద్వారా బాగు చేయించింది. సున్నం, రాయి, కర్రతో పాత పద్ధతిలో మరమ్మతులు జరిగాయి. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ అవార్డుల్లో దీనికి మెరిట్ పురస్కారం దక్కింది. అదే ఏడు గోల్కొండ మెట్లబావులకు డిస్టింక్షన్ వచ్చింది. తెలంగాణకు ఆ ఒక్క ఏడాదే రెండు గుర్తింపులు.

తీర్పు

కామినేని వారి ప్రభావాన్ని ఒక్క మాటలో తేల్చమంటే ఇలా చెప్పవచ్చు. వారు ఈ సీమకు ఊళ్ళు, చెరువులు, ఒక శైవ సాహిత్య సంప్రదాయం, ఒక కోట మిగిల్చారు. అందుకు చెల్లిన ఖరీదులో పెద్ద భాగం జీతం లేని చేతులది. షట్చక్రవర్తి చరిత్ర రాసిన మల్లారెడ్డి పేరు మనకు తెలుసు, ఆ చెరువు కట్టలకు మట్టి మోసిన ఒడ్డెర కుటుంబాల పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. దోమకొండ కోటలో పర్యాటకులకు చూపే కథలో ఆ రెండో వరుసకూ చోటు దొరికినప్పుడే పరిరక్షణ పూర్తయినట్టు.

బోధన్ ఫ్యాక్టరీ గురించి కూడా ఇదే ప్రశ్న వేసుకోవాలి. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్ళింది. 2015 చివర ఫ్యాక్టరీ మూతపడింది. కోటను కాపాడుకోవడానికి ఒక వంశం ఉంది. ఫ్యాక్టరీకి, దాని కార్మికుల జ్ఞాపకాలకు ఆ అండ కూడా లేదు. మోస్రా, వర్ని, రుద్రూరు, కోటగిరి పాఠకుల ఇళ్ళలో పాత పట్టాలు, శిస్తు రసీదులు, చెరకు కాటా చీటీలు, ఫ్యాక్టరీ గుర్తింపు కార్డులు ఉంటే పారేయకండి. తాత నానమ్మలు చెప్పే చెరువు కథలు, వెట్టి కథలు, కాలువ వచ్చిన నాటి ముచ్చట్లు ఫోనులోనైనా రికార్డు చేసి పెట్టండి. దొరల చరిత్రకు కోటలూ కావ్యాలూ సాక్ష్యం. మన ఊళ్ళ చరిత్రకు ఆ కాగితాలూ ఆ గొంతులే సాక్ష్యం.

వచ్చే భాగం: నిజాంసాగర్ కాలువ వెంట వెలిసిన క్యాంపులు, మారిన పల్లెలు.